ఆటగాళ్ళు వాళ్ళే అయినా, కోచ్ మారితే జట్టు మారుతుందా?

మీ కళాశాల హాకీ జట్టు ఈ ఏడాది వరసగా ఓడిపోతోందని, కోచ్‌ను మార్చాలని కొందరు పట్టుబడుతున్నారని, ఆటగాళ్ళు వాళ్ళే ఉండగా కోచ్ ఒక్కరు మారితే ఫలితం మారుతుందా అని మీరు అడిగారు. మారుతుందని నా అనుభవం. అయితే ఏది సరిచేయాలో తెలిసిన మనిషి వస్తేనే మారుతుంది. నేను విశ్వవిద్యాలయ జట్టుకు నాలుగేళ్ళు ఫుల్‌బ్యాక్‌గా, అంటే వెనుక నిలబడి గోల్‌ను కాపాడే ఆటగాడిగా ఆడాను. ఆ తరువాత భారత పురుషుల జట్టు ఆటను వదలకుండా గమనిస్తూ వచ్చాను.

2023 జనవరి 22న భారత్, న్యూజిలాండ్ ప్రపంచ కప్ మ్యాచ్ చూడడానికి విశాఖ నుంచి రైలులో భువనేశ్వర్ వెళ్ళాను. ఆ మ్యాచ్ గెలిస్తే క్వార్టర్ ఫైనల్. కళింగ స్టేడియం నిండిపోయింది. మనవాళ్ళు మొదట 2-0తో, తరువాత 3-1తో ముందున్నారు. అయినా మ్యాచ్ 3-3 దగ్గర ముగిసింది, ఆటగాళ్ళు ఒక్కొక్కరుగా గోల్‌కీపర్‌తో తలపడే షూటవుట్‌లో 5-4తో న్యూజిలాండ్ గెలిచింది. అంత పెద్ద స్టేడియం ఒక్కసారిగా మూగబోవడం నేను అంతకు ముందు చూడలేదు. నేను గోల్ వెనుక వైపు కూర్చున్నాను కాబట్టి ఒక విషయం స్పష్టంగా కనిపించింది: బంతి చేజారిన ప్రతిసారీ మైదానం మధ్యలో ఆడే మన మిడ్‌ఫీల్డ్‌కూ, గోల్‌ను కాపాడే డిఫెన్స్‌కూ మధ్య పెద్ద ఖాళీ ఏర్పడేది, ప్రత్యర్థులు ఆ ఖాళీలోకే బంతిని పంపేవారు. గాయంతో మిడ్‌ఫీల్డర్ హార్దిక్ సింగ్ లేకపోవడం కూడా దెబ్బ తీసిందనుకోండి, కానీ ఆ ఖాళీ ఒక్క మనిషి లేకపోవడం వల్ల వచ్చినది కాదు. సొంతగడ్డ మీద మన జట్టు అర్జెంటీనాతో కలిసి తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకుంది. కొద్ది రోజులకే కోచ్ గ్రాహం రీడ్ రాజీనామా చేశారు.

ఇక్కడ రీడ్ గారికి అన్యాయం చేయకూడదు. టోక్యోలో జర్మనీని 5-4తో ఓడించి, 41 ఏళ్ళ తరువాత మనకు ఒలింపిక్ పతకం తెచ్చిపెట్టినది ఆయన తయారుచేసిన జట్టే. పైగా ఆయన వెళ్ళిపోయాక, కొత్త కోచ్ ఇంకా బాధ్యతలు తీసుకోకముందే, మార్చి నెలలో రౌర్కెలాలో జరిగిన ప్రో లీగ్ (అగ్రశ్రేణి దేశాల జట్ల మధ్య ఏటా జరిగే పోటీ) మ్యాచ్‌లలో ఇదే జట్టు అప్పటి ప్రపంచ విజేత జర్మనీని రెండుసార్లు ఓడించింది. అంటే ఆటగాళ్ళలో సత్తా ఉంది. అది ఒకరోజు కనిపించి మరో రోజు మాయమవుతోంది, అంతే.

తరువాత వచ్చిన క్రెయిగ్ ఫుల్టన్ దక్షిణాఫ్రికాకు చెందినవారు. 2018లో అదే కళింగ స్టేడియంలో ప్రపంచ కప్పును, తరువాత టోక్యోలో స్వర్ణాన్ని గెలుచుకున్న బెల్జియం జట్టుకు సహాయ కోచ్‌గా పనిచేశారు. గెలవడం కోసమే డిఫెన్స్ అన్నది తన పద్ధతి అని ఆయన బాహాటంగానే చెప్పారు. దాడి చేయడమే మన రక్తంలో ఉన్న ఆట అని నమ్మే మనలాంటి అభిమానులకు ఆ మాట మొదట్లో రుచించలేదు. నాకూ రుచించలేదు. కానీ ఆగస్టులో చెన్నైలో జరిగిన ఆసియా చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్‌లో మలేషియా చేతిలో 1-3తో వెనుకబడి కూడా కంగారు పడకుండా 4-3తో గెలిచినప్పుడు, అక్టోబరులో హాంగ్‌జౌలో జపాన్‌ను 5-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణంతో పాటు పారిస్ ఒలింపిక్స్ బెర్తును సంపాదించినప్పుడు నా అభిప్రాయం మార్చుకున్నాను. మధ్యలో ఎదురుదెబ్బలు లేకపోలేదు. 2024 ఏప్రిల్‌లో పెర్త్‌లో ఆస్ట్రేలియాతో ఆడిన అయిదు మ్యాచ్‌లూ ఓడిపోయాం. ఆ నాలుగు నెలలకే పారిస్ ఒలింపిక్స్‌లో అదే ఆస్ట్రేలియాను 3-2తో ఓడించాం. ఒలింపిక్స్‌లో వాళ్ళ మీద మనకు 1972 తరువాత అదే మొదటి గెలుపు.

మీ ప్రశ్నకు అసలు జవాబు పారిస్ క్వార్టర్ ఫైనల్‌లో దొరుకుతుంది. బ్రిటన్‌తో మ్యాచ్ 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు చూపించారు. మిగిలిన నలభై నిమిషాలకు పైగా పది మందితోనే ఆడాలి. నేను బంతిని చూడడం మానేసి మన్‌ప్రీత్ సింగ్‌నే చూడసాగాను. మిడ్‌ఫీల్డ్‌లో ఆడవలసిన మనిషి ఏ గందరగోళమూ లేకుండా వెనక్కి వచ్చి డిఫెన్స్‌లో నిలబడ్డాడు, అతడు వదిలిన చోటును పక్కవాళ్ళు జరిగి పూడ్చారు. కళింగలో నేను చూసిన ఆ ఖాళీ, ఒక మనిషి తక్కువైన రోజున కూడా తెరుచుకోలేదు. 1-1తో మ్యాచ్ ముగిసింది, షూటవుట్‌లో 4-2తో గెలిచాం, గోల్‌కీపర్ శ్రీజేష్ గోల్ ముందు గోడలా నిలబడ్డాడు. సెమీస్‌లో జర్మనీ చేతిలో ఓడినా, స్పెయిన్‌ను 2-1తో ఓడించి కాంస్యం నిలబెట్టుకున్నాం.

ఈ తేడాను నేను గుర్తుపట్టగలగడానికి కారణం, మా విశ్వవిద్యాలయ జట్టుకూ సరిగ్గా ఇదే జరగడం. మూడో ఏడాది సగానికి మేము ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అప్పటి కోచ్ మమ్మల్ని గంటలకొద్దీ పరుగెత్తించి, ఓడినప్పుడల్లా పట్టుదల లేదని తిట్టేవారు. ఆయన స్థానంలో సైన్యంలో ఆడి పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు వచ్చారు. మొదటి వారం స్టిక్కులు ముట్టుకోనివ్వలేదు. ఎర్రమట్టి మైదానంలో మా పదకొండు మందిని నిలబెట్టి, తాను బంతి చేత్తో పట్టుకుని నడుస్తూ, ఆయన ఎటు జరిగితే అటు మేమందరం జరగాలని, మా మధ్య దూరం పెరగకూడదని చెప్పారు. ఒక్కరు తప్పినా ఈల వేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టించేవారు. చిన్నపిల్లల ఆటలా ఉందని విసుక్కున్నాం. నెలన్నర తరువాత, గతంలో మాకు ఆరు గోల్స్ వేసిన జట్టు మా మీద ఒక్కటే వేయగలిగింది. ఆ మ్యాచ్ కూడా ఓడిపోయాం గానీ, తిరుగు ప్రయాణంలో బస్సులో మాటలు వేరుగా ఉన్నాయి. ఆ తరువాతి మూడు మ్యాచ్‌లూ గెలిచాం.

కోచ్‌ను మార్చిన ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని మాత్రం అనుకోకండి. మన మహిళల జట్టుకు 2024లో కొత్త కోచ్ వచ్చారు, ఆ ఏడాది రాజ్‌గిర్‌లో ఆసియా చాంపియన్స్ ట్రోఫీ గెలిచాం, అయినా మరుసటి ఏడాది ప్రో లీగ్‌లో అట్టడుగున నిలిచి కింది శ్రేణికి పడిపోయాం.

అందుచేత నిర్ణయం తీసుకునే ముందు మీ జట్టు తరువాతి మ్యాచ్‌ను ఫోనులో వీడియో తీయండి. గోల్ వెనుక నుంచి, కాస్త ఎత్తు మీద నుంచి తీస్తే మంచిది. బంతి చేజారిన ప్రతిసారీ అయిదు సెకన్లలోపు ఎంతమంది వెనక్కి తిరిగారో లెక్కపెట్టి, ఆ వీడియోను ఇప్పుడున్న కోచ్‌కే ముందు చూపించండి. ఆయన అందులో ఆ ఖాళీని చూడగలిగితే ఆయన్నే కొనసాగించమంటాను. ఆటగాళ్ళ పట్టుదల గురించే మాట్లాడితే, అప్పుడు వేరొకరిని వెతకండి.