కోపం నాన్న మీద, గేటు ఆ అబ్బాయికి

ప్రశ్న: మా పుట్టిల్లు నల్గొండ. నాన్న ఓ మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలకు టీచర్. సాయంత్రాలు వాళ్ళకే ఆటల కోచ్. పోయిన ఏడాది గుండెపోటుతో చనిపోయారు. వచ్చే నెల సంవత్సరీకం. అన్నయ్య ఆయన జ్ఞాపకంగా సంచిక వేస్తూ నన్ను రెండు పేజీలు రాయమన్నాడు. రాయలేకపోతున్నా. ఆయన ఊరందరికీ సారు, మాకు మాత్రం రాత్రి తొమ్మిదికి వచ్చే చుట్టం. నా టెన్త్ ఫేర్‌వెల్ రోజున కూడా ఆ పిల్లలను పోటీలకు హైదరాబాద్ తీసుకెళ్ళారు. దీనికి తోడు ఆయన దగ్గర నేర్చుకున్న ఓ అబ్బాయి, పాతికేళ్ళుంటాయి, బుద్ధిమాంద్యం, ఇప్పటికీ సాయంత్రం ఇంటికొచ్చి ‘సారు ఎప్పుడొస్తడు’ అంటాడు. అమ్మ ఏడుస్తుంది. గేటు వేసుకోమని అమ్మకు చెప్పాను. అబద్ధాలు లేకుండా నాన్న గురించి ఏం రాయాలి?
– ఒక సోదరి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, సంచిక సంగతి ముందు తేల్చేద్దాం. రాయబుద్ధి కాకపోతే రాయకండి. మీ అన్నయ్యకు ఆ ముక్క ఫోన్‌లో చెప్పేయండి. దానికింత టెన్షన్ అక్కర్లేదు.

నన్ను కలవరపెట్టింది ఆ అబ్బాయి విషయం. అతని పేరు ఉత్తరంలో ఒక్కచోట కూడా రాయలేదు మీరు. ఏళ్ళ తరబడి మీ ఇంటికి వస్తున్నవాడి పేరు మీకు తెలియదంటే నేను నమ్మను. నాన్న సాయంత్రాలు మీకు దక్కలేదు, అతనికి దక్కాయి. చిన్నప్పుడు తోబుట్టువు మీద పడే అసూయే ఇది, ఇన్నేళ్ళొచ్చాక బయటపడింది.

మీ కోపం న్యాయమైనదే. ఆయన ఆ ఫేర్‌వెల్ పూట మీ దగ్గర ఉండాల్సింది. చనిపోయారు కాబట్టి అది ఒప్పైపోదు. ఊరు మెచ్చే తండ్రి ఇంట్లో పిల్లలకు ఎంత దూరమవుతాడో ఊరికి తెలియదు. కానీ ఆ బాకీ మీ నాన్నది. ఆయన దగ్గర రాలేదని ఆ అబ్బాయి దగ్గర వసూలు చేస్తానంటే నేను ఒప్పుకోను.

ఆయన పని ఎలాంటిదో చూడండి. చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పడానికే నెలలు పట్టవచ్చు. పది రూపాయల నోటుకీ వంద నోటుకీ తేడా, ఎక్కాల్సిన బస్సు, దిగాల్సిన స్టాపు, ఇవన్నీ మళ్ళీ మళ్ళీ చెప్పాలి. మంచం దిగలేని పిల్లలుంటే ఇంటికే వెళ్ళాలి. ఇదంతా చేసేది చాలావరకు ఒప్పంద ఉద్యోగులే. ఇక ఆటలంటారా, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం 1968లో చికాగోలో మొదలైన స్పెషల్ ఒలింపిక్స్ పద్ధతిలో సమాన సామర్థ్యం ఉన్నవాళ్ళనే ఒక గుంపుగా పరిగెత్తిస్తారు. మొదటి ముగ్గురికి పతకాలు, ఎనిమిదో స్థానం దాకా రిబ్బన్లు. మన వరంగల్ జిల్లా అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెస్తే అందరం చప్పట్లు కొట్టాం. అక్కడి దాకా వెళ్ళేది ఏ ఒక్కరో. మిగతా పిల్లలకు కోచ్ ఇచ్చేది సాయంత్రం ఐదింటికి వెళ్ళడానికి ఒక చోటు, పేరు పెట్టి పిలిచే ఒక మనిషి. అతనికి ఆ రెండూ ఒక్కరోజులో పోయాయి.

ఒక్కటి అడుగుతాను. అంత్యక్రియలకు అతన్ని రానిచ్చారా? భయపడతాడనో, గొడవ చేస్తాడనో ఇలాంటి పిల్లలను పక్కింట్లో కూర్చోబెట్టే అలవాటు మనకుంది. తర్వాత ‘సారు దేవుడి దగ్గరికి పోయిండు’ అంటాం. అతను ఆ మాటను ఉన్నదున్నట్టే తీసుకుంటాడు. పోయినవాళ్ళు తిరిగి రావాలి కదా, అందుకే అడుగుతున్నాడు.

ఈ ఆదివారం మీరే అతని దగ్గరికి వెళ్ళండి. పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టి, ‘సారు చనిపోయారు. ఇక రారు’ అని చెప్పండి. నిద్రపోయారు, ఊరెళ్ళారు లాంటి మాటలు వద్దు. సమాధి ఉంటే అక్కడికి, లేకపోతే ఫొటో దగ్గరికి తీసుకెళ్ళి అతని చేతులతో పూలు పెట్టించండి. మళ్ళీ అడుగుతాడు. మళ్ళీ అదే మాట, అంతే నెమ్మదిగా చెప్పాలి. వారాల తర్వాత కోపం వచ్చినా, తిండి మానేసినా అది దుఃఖమే.

అమ్మ ఏడుస్తుందన్నారు. ఏడవనివ్వండి. భర్త పోయిన ఇంట్లో ఆయన పేరెత్తి అడిగే మనిషి రోజూ వస్తున్నాడంటే, ఆవిడకు అది భారమో ఆసరానో ఆవిడే చెప్పాలి. మీరు మిర్యాలగూడలో కూర్చుని గేటు మూయించేముందు ఆవిడను అడిగారా? అది ఆవిడ ఇల్లు.

ఇంకో పని. అతని వైకల్య ధ్రువీకరణ, నెలకు 4,016 రూపాయల పింఛను, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద పద్దెనిమిది దాటినవాళ్ళకు చట్టపరమైన సంరక్షకులు ఎవరో తేలుస్తూ కలెక్టర్ కమిటీ ఇచ్చే పత్రం, ఇలాంటి కాగితాలు చాలా ఇళ్ళలో టీచరే చూస్తాడు. ఇప్పుడవి ఎవరు చూస్తున్నారో వాళ్ళమ్మను అడగండి. మీ నాన్న బీరువాలో అతని ఫైలు ఉంటే తీసి ఇచ్చేయండి.

సంవత్సరీకం రోజు ఆ తల్లినీ కొడుకునీ పిలవండి. ఫోన్ మీరే చేయాలి, అన్నయ్యకు అప్పగించకండి. భోజనాలప్పుడు చివర్లో విడిగా పెట్టకుండా, మొదటి బంతిలోనే మీ పక్కన కూర్చోబెట్టండి.