గజ్జల్లో హెర్నియా: కొత్తపేట సెంటరా, బెజవాడ పెద్ద హాస్పిటలా?

మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారికి 66 ఏళ్ళు, షుగరు ఉంది, గుండెకు స్టెంటు వేశారు, ఇప్పుడు గజ్జల్లో హెర్నియా, అంటే పొట్ట గోడ బలహీనపడిన చోట లోపలిది బయటికి తోసుకొచ్చి ఉబ్బింది. గుంటూరు కొత్తపేటలో హెర్నియా, పైల్స్ మాత్రమే చేసే సెంటరువాళ్ళు పొద్దున చేరితే సాయంత్రానికి తెనాలి వెళ్ళిపోవచ్చన్నారు. మీ బావగారేమో విజయవాడలో పెద్ద హాస్పిటలే మంచిదంటున్నారు. నేనైతే ఈసారికి బావగారి మాటే వింటాను. బిల్డింగ్ పెద్దదని కాదు, నాన్నగారికి స్టెంటు ఉందని. అదే 35 ఏళ్ళ ఆరోగ్యవంతుడికైతే కొత్తపేట చాలనేవాణ్ణి.

మా ఇంట్లో రెండు రకాలూ చూశాం. మా మామగారికి ఇదే హెర్నియా, కొత్తపేటలోనే ఒక చిన్న సెంటరులో చేయించాం. డాక్టరుగారి చెయ్యి మంచిది. రోజూ అదే పని చేసేవాళ్ళకి ఉండే వేగం ఆయనకుంది, దాన్ని తక్కువ చేయను. వెన్నుకి మత్తు ఇచ్చారు, ఆపరేషన్ చకచకా అయిపోయింది, చీకటి పడేసరికి ఇంట్లో ఉన్నాం. అర్ధరాత్రి దగ్గర పడుతుండగా యూరిన్ రావట్లేదని మొదలుపెట్టారాయన. సెంటరుకి ఫోన్ చేస్తే ఎవరో కుర్రాడు ఎత్తి, డాక్టరుగారు పొద్దున వస్తారన్నాడు. పొత్తికడుపు ఉబ్బిపోయి మనిషి గిలగిల్లాడుతుంటే అప్పటికప్పుడు వేరే హాస్పిటల్ ఎమర్జెన్సీకి పరిగెత్తి పైపు వేయించాం. వెన్నుకి మత్తు ఇచ్చాక ఇలా జరగడం అరుదేమీ కాదు, ప్రోస్టేటు పెరిగిన పెద్దవాళ్ళకి మరీను. కాబట్టి ఆపరేషన్‌ని తప్పుపట్టను. ఇంటికి పంపేముందు యూరిన్ వచ్చిందా అని ఒక్కరూ అడగలేదు చూడండి, నా కోపమంతా దాని మీదే.

మా అమ్మకి గాల్ బ్లాడర్‌లో రాళ్ళు. ఆవిడకీ స్టెంటు, షుగరు ఉన్నాయి కాబట్టి విజయవాడలో పెద్ద హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం. సర్జన్ సరే అన్నా మత్తు డాక్టరు ఒప్పుకోలేదు. ఎకో (గుండె స్కానింగు) తీయించి, గుండె డాక్టరుకి చూపించి, షుగరు అదుపులోకి వచ్చాకే అంటూ వాయిదా వేశారు. ఆ కాసేపు మాకు విసుగే. కానీ రక్తం పలచబడే మాత్రల విషయం అక్కడే తేలింది. ఏది ఆపాలి, ఏది ఆపకూడదు అన్నది గుండె డాక్టరే రాసిచ్చారు. స్టెంటు ఉన్నవాళ్ళు ఆ మాత్రల్ని సొంతంగానో, రిసెప్షన్‌లో చెప్పారనో ఆపేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఇక బిల్లు గురించి చెప్పక్కర్లేదు, బాగానే తగిలింది. డిశ్చార్జి రోజైతే ఇన్సూరెన్సువాళ్ళ అప్రూవల్ కోసం సాయంత్రం దాకా కూర్చోబెట్టారు.

మీరు ఎక్కడికి వెళ్ళినా ముందు మత్తు డాక్టరుని కలవాలని అడగండి. చాలా చిన్న సెంటర్లకి ఆయన బయటినుంచి వస్తారు. అందులో తప్పేమీ లేదు గానీ, ఆపరేషన్ రోజు థియేటర్‌లోనే మొదటిసారి నాన్నగారి ఫైలు చూస్తానంటే మాత్రం వద్దు. రాత్రి డ్యూటీలో డాక్టరు ఉంటారా, ఏదైనా తేడా వస్తే ఏ ఐసీయూకి పంపుతారు, అంబులెన్సు ఎవరిది అని కూడా అడగండి. సూటిగా జవాబు చెప్పే చిన్న సెంటరు, నసిగే పెద్ద హాస్పిటల్ కంటే నయం.

ఇంకోటి. గజ్జ హెర్నియాకి ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) అంటే సాధారణంగా పూర్తి మత్తు ఇస్తారు. కోసి మెష్ (వలలాంటి జాలీ) వేసే పద్ధతిలో అయితే ఆ చోటు వరకే మొద్దుబారే ఇంజెక్షన్‌తో కూడా చేయొచ్చు. గుండె జబ్బు ఉన్నవాళ్ళకి అది మేలేమో అడగండి. లేజర్, కుట్లు లేవు లాంటి బోర్డులు చూసి పద్ధతిని మీరే ఖాయం చేసుకుని వెళ్ళకండి.

ఇన్సూరెన్సు ఉంటే డాక్టరుని కాదు, పాలసీ కంపెనీనే అడగండి. ప్రభుత్వం దగ్గర హాస్పిటల్‌గా రిజిస్టరు కానిదైతే, హాస్పిటల్ అనిపించుకోవాలంటే పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళో కనీసం 10, మిగతా చోట్ల 15 పడకలుండాలని పాలసీల్లో ఉంటుంది. డే కేర్ సెంటరుకి (చేరిన రోజే ఇంటికి పంపేది) ఆ లెక్క లేదు. కానీ అక్కడ క్యాష్‌లెస్ ఉందా లేదా అన్నది వేరే సంగతి.

శుక్లాల ఆపరేషన్‌కైతే ఇంత ఆలోచన అక్కర్లేదు, నేరుగా మంచి కంటి ఆసుపత్రికి వెళ్ళిపోవచ్చు. మా అత్తగారికి అలాగే చేయించాం, హాయిగా ఉన్నారు.

డేటు దొరికేలోపు ఆ ఉబ్బు గట్టిపడి లోపలికి వెళ్ళకపోయినా, నొప్పితో పాటు వాంతులు మొదలైనా సెంటర్లూ ప్యాకేజీలూ పక్కన పెట్టేయండి. పేగు ఇరుక్కుంటే గంటలు లెక్కే. తెనాలి నుంచి గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) దగ్గరే, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.