జీతం, జాతి: రెండు అధ్యాయాలు చేయకండి

అమెరికాలో ఆడవాళ్ల పని గురించి రాస్తున్న మీరు, "ఆడవాళ్ల కూలి ఒక అధ్యాయం, జాతి ఒక అధ్యాయం రాశాను, రెండూ అతకడం లేదు" అన్నారు. విడదీశారు కాబట్టే అతకడం లేదు. ఒకే ఊరిని, ఒకే పనిని పట్టుకోండి. చరిత్రకారిణి టెరా హంటర్ అమెరికా దక్షిణాదిలోని అట్లాంటా నగరంలో బట్టలుతికే నల్లజాతి స్త్రీల గురించి చేసిన పని మీకు సరిగ్గా సరిపోతుంది.

వాళ్ల వారం ఒక్కసారి ఊహించుకోండి. సోమవారం మూటలు తెచ్చుకోవాలి. నీళ్లు మోయాలి, సబ్బు తామే కాచుకోవాలి, గోధుమ పొట్టుతో గంజి చేసుకోవాలి. బీరు పీపాను సగానికి కోస్తే అదే తొట్టి. ఇస్త్రీ చేసి శనివారం అప్పజెప్పాలి. ఇంత చాకిరీకి నెలకు 4 నుంచి 8 డాలర్లు! అయినా ఈ పనినే ఎంచుకున్నారు. ఎందుకంటే తెల్లవాళ్ల ఇంట్లో యజమాని కళ్లెదుట కాకుండా, సొంత వాకిట్లో పిల్లల్ని చూసుకుంటూ చేసుకోవచ్చు. ఇది 1881 నాటి మాట; బానిసత్వం పోయి అప్పటికి పదహారేళ్లే. మీ రెండు అధ్యాయాలూ కలిసేది ఇక్కడే.

ఆ ఏడాది జులైలో సుమారు 20 మంది చాకలి స్త్రీలతో సమ్మె మొదలైంది. మూడు వారాల్లో 3,000 మంది అయ్యారు. 12 పౌండ్ల బట్టలకు 1 డాలరు అడిగారు. నగర మండలి 25 డాలర్ల లైసెన్స్ ఫీజు పెడతామని బెదిరిస్తే, "కడతాం, కానీ రేటు మేమే నిర్ణయిస్తాం" అనే అర్థంలో మేయర్‌కు ఉత్తరం రాశారు. నాకైతే ఆ ఉత్తరమే మీ మొదటి పేజీలో ఉండాలనిపిస్తుంది.

తర్వాత అమెరికా 1938 కనీస వేతన చట్టానికి రండి. ఇళ్లలో పనిచేసేవాళ్లకు అది 1974 దాకా వర్తించలేదు.