పులిహోర నేనే చేశానన్నాను... కోడలు వినేసింది

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. మా మావగారి తాత కాలం నుంచీ లూథరన్ సంఘంలో ఉన్నాం. మా ఆయన రిటైర్డ్ టీచరు, సంఘ పెద్ద కూడా. మా అబ్బాయి హైదరాబాద్‌లో తనతో పనిచేసే అమ్మాయిని ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. వాళ్లది ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబం. మేం మాలలం, వాళ్లు మాదిగలు. మా ఆయన పెళ్లికి అడ్డు చెప్పలేదు గానీ మా గుడిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివించడానికి ఒప్పుకోలేదు. పెళ్లి వేరేచోట చేశాం. మొన్న క్రిస్మస్ ప్రేమ విందుకు కోడలు పులిహోర కలిపింది. వడ్డించే ఒకావిడ మూత మీద చెయ్యి పెట్టి, "ఇది మీరు చేశారా, మీ కోడలు చేసిందా?" అని అడిగింది. నేను గబుక్కున "నేనే" అనేశాను. గిన్నె ఖాళీ అయింది. కోడలు నా వెనకే నిలబడి ఉంది. ఆ రోజు ఏమీ అనలేదు. ఇప్పుడు మాత్రం "ఈస్టర్‌కి మీరిద్దరూ వెళ్లండి అత్తయ్యా, నేను రాను" అంటోంది. మా ఆయనేమో గుడిలో గొడవలొద్దు, నువ్వు ఊరుకో అంటున్నారు. ఈ సంఘం వదిలేసి వేరే ఏదైనా మందిరానికి వెళ్లిపోదామా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
- పేరు వద్దు

జవాబు: అమ్మా, మీరు ఉత్తరంలో సంఘం గురించి ఎక్కువ రాశారు. మీ కోడలికి తగిలిన దెబ్బ మాత్రం సంఘం నుంచి వచ్చింది కాదేమో చూడండి. మూత మీద చెయ్యి పెట్టిన ఆవిడ లాంటివాళ్లను ఆ అమ్మాయి చిన్నప్పటి నుంచీ చూసే ఉంటుంది. మనవాళ్లు అనుకున్న మనిషి నోటి నుంచి "నేనే" అని వినడం కొత్త. పైగా గిన్నె ఖాళీ అయింది. వంట నచ్చింది, చేసిన చెయ్యి పనికిరాలేదు. అది అంత తేలిగ్గా మర్చిపోయే సంగతి కాదు.

మీరు చెడ్డ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు. నలుగురిలో పిల్లకు అవమానం జరగకూడదనే అనుంటారు. అయినా ఈ వివరణ ఆమెకు ఇవ్వకండి. ముందు ఫోన్ చేయండి, అబ్బాయిని మధ్యలో పెట్టకండి. "ఆ రోజు నేను అబద్ధం చెప్పానమ్మా, నువ్వు విన్నావని నాకు తెలుసు, తప్పు నాదే" అని ఆపేయండి. ఆ తర్వాత ఆమె ఏమన్నా, ఏమీ అనకపోయినా వినండి. ఏడిస్తే ఏడవనివ్వండి. "నీ మంచికే" అనే మాట మాత్రం మీ నోట రాకూడదు. "ప్రభువు చూసుకుంటాడులే" అని కూడా అనకండి. ఆ మాటతో మనం చాలా పనులు తప్పించుకుంటాం.

తర్వాతి పని కొంచెం కష్టం. ఆ వడ్డించినావిడతో నిజం చెప్పాలి. ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందు కాదు, వాళ్లింటికి వెళ్లి చెప్పండి. "ఆ పులిహోర మా కోడలు చేసిందే వదినా, నేనే అబద్ధమాడాను. ఇకనుంచి మా ఇంటి నుంచి ఏం వచ్చినా మా ఇద్దరి చేతి వంటే." ఆవిడ కూడా పెట్టించుకుని తిని ఉంటే (తినే ఉంటుంది!) ఆ సంగతి మీరు గుర్తు చేయక్కర్లేదు, ఆవిడకే గుర్తొస్తుంది. ఈ మాట చెప్పబోతున్నట్టు కోడలికి ముందే చెప్పి, "నీకు ఇష్టమేనా?" అని అడగండి. తన పేరు ఊళ్లో నలగడం ఇష్టం లేదంటే ఆగండి.

ఇక మీ వారు. ఆయన గుడిలో గొడవలొద్దు అంటున్నారంటే నమ్మకం లేక కాదు, నలుగురు ఏమంటారోనని. సంఘ పెద్ద గనుక ఆయనకు బైబిల్లోంచే చెప్పొచ్చు. గలతీ పత్రిక రెండో అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేస్తూ ఉండేవాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు యూదులు రాగానే భయపడి ఆ పంక్తి నుంచి తప్పుకున్నాడు. పౌలు దాన్ని చిన్న విషయంగా వదిలేయలేదు, అందరి ఎదుటే నిలదీశాడు. పేతురంతటివాడే అన్నం దగ్గర తడబడ్డాడంటే మీ వారిని అవమానించినట్టు కాదు. ఆయన కూడా దిద్దుకోవడానికి చోటిచ్చినట్టు.

"ఇది మా వాళ్ల గుడి" అనే మాట మీ ఊళ్లో వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఒక సంగతి చెబుతాను. 1842లో గుంటూరు వచ్చి, తర్వాత మీ గురజాలలో ఉండి పనిచేసిన ఫాదర్ హేయర్ నాటి లూథరన్ మిషన్‌లోకి ఎక్కువగా మాలలు వచ్చారు. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లోకి ఎక్కువగా మాదిగలు వచ్చారు. ఒక వాడ ముందు చేరితే రెండో వాడ దూరంగా ఉండిపోవడం చాలాచోట్ల జరిగింది. అలా గుడులు వేరయ్యాయి. వాక్యం ఏమీ వేరు చేయలేదు.

1866లో ఒంగోలు వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరకు మొదట్లోనే ఈ చిక్కు ఎదురైంది. మాదిగలను చేర్చుకుంటే మేం రాము అని పై కులాలవాళ్లు తేల్చి చెప్పారు. ఏం చేయాలో తోచక ఆయన, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ కొరింథీ మొదటి పత్రిక మొదటి అధ్యాయమే వచ్చిందని ఆయన రాసుకున్నారు. లోకంలో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం అది. దొర మాదిగలను వదులుకోలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ వియ్యాలవారి ముత్తాతలు వాళ్లలో ఉన్నారో లేదో, వాళ్లింట్లో పెద్దవాళ్లను అడగండి. ఈ కబురు మొదలుపెడితే మీ వారు, వియ్యంకుడు గంటసేపు మాట్లాడుకుంటారు.

ఇంకో విచిత్రం. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను, వాళ్ల పిల్లలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీసీ-సి గ్రూపులోనే లెక్కిస్తారు. సర్కారు కాగితం మీద రెండు కుటుంబాలకూ తేడా లేదు. పులిహోర గిన్నె దగ్గరే ఉంది!

సంఘం మారడం గురించి అడిగారు. ఇప్పుడు వద్దు. అక్కడ మీ మాటకు విలువుంది, మీ వారికి కమిటీలో కుర్చీ ఉంది. మీరే లేచి వెళ్లిపోతే తర్వాత వచ్చే కోడళ్లకు ఆ మాటా ఉండదు. పాస్టరు అయ్యగారి దగ్గరకు ఫిర్యాదుగా వెళ్లొద్దు. ఆయన ఒక ప్రసంగం చేస్తారు, అందరూ మీ వైపు తిరిగి చూస్తారు, అంతటితో సరి. దానికంటే ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల దినాల్లో ఇళ్లలో పెట్టుకునే కూటాల్లో ఒకటి మీ ఇంట్లో అడిగి తీసుకోండి. వియ్యాలవారినీ పిలవండి. టీ, పకోడీ మీరూ మీ వియ్యపురాలూ కలిసి వడ్డించండి. ఎవరు తిన్నారు, ఎవరు "కడుపు బాగాలేదు" అన్నారు అని లెక్కపెట్టుకోకండి. కొందరు అంటారు. వచ్చే ఏడాదికి వాళ్లలో సగం మంది అనరు. స్త్రీల సమాజంలో ప్రభురాత్రి భోజన సంస్కారపు బల్ల సర్దే వంతులు ఉంటాయి కదా, కోడలు ఎప్పుడైనా తనంతట తాను వస్తానంటే మీ వంతు రోజున పక్కన నిలబెట్టుకోండి. తనంతట తాను అంటేనే. మీ సంఘాన్ని మార్చే పని ఆ అమ్మాయిది కాదు.

ఈ ఈస్టర్‌కి ఆమెను రమ్మని బతిమాలొద్దు. మీరే హైదరాబాద్ వెళ్లండి, ఆమె వెళ్లే గుడికి, తెల్లవారుజామున ఆరాధనకు. శనివారం మధ్యాహ్నానికే బయలుదేరితే రాత్రికి అక్కడుంటారు. మీ వారిని కూడా పిలవండి. రానంటే మీరొక్కరే వెళ్లండి. సంఘంలో ఎవరైనా ఈస్టర్ నాడు ఆవిడ ఎక్కడ అని అడిగితే ఏం చెప్పాలో ఆయనే ఆలోచించుకుంటారు.