యూరియా ఉంటే ఎర్ర బాక్టీరియా నత్రజని పట్టదా?

ప్రశ్న: వరి మడిలో ఎర్ర రంగు కిరణజన్య బాక్టీరియా ద్రావణం పోస్తున్నాను. యూరియాతో కలిపి పోయవచ్చని దుకాణంలో చెప్పారు. యూరియా తగిలితే అది గాలిలోని నత్రజనిని పట్టడం మానేస్తుందని మా అబ్బాయి కాలేజీలో విన్నాడట. ఏది నిజం?
– ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: మీ అబ్బాయి విన్నదే నిజం. యూరియా మట్టిలో అమ్మోనియాగా మారుతుంది, అడ్డుపడేది ఆ అమ్మోనియాయే. ఒక్క నత్రజని అణువును రెండు అమ్మోనియా అణువులుగా మార్చడానికి నైట్రోజినేజ్ అనే ఎంజైముకు కనీసం 16 ఏటీపీ (కణానికి శక్తినిచ్చే పదార్థం) అణువులు ఖర్చవుతాయి కనుక, అమ్మోనియా చేతికందినప్పుడు ఆ ఖర్చు పెట్టడం బాక్టీరియాకు దండగ.

రోడోస్పైరిల్లమ్ రూబ్రమ్ అనే ఎర్ర బాక్టీరియా నత్రజనిని స్థాపిస్తుందని, అంటే గాలి నుంచి పట్టి అమ్మోనియాగా మారుస్తుందని, 1949లో మార్టిన్ కామెన్, హోవర్డ్ గెస్ట్ గుర్తించారు. ఈ నియంత్రణను అన్నిటికన్నా లోతుగా పరిశోధించినది కూడా అందులోనే. నైట్రోజినేజ్‌లో రెండు ప్రోటీన్లుంటాయి. ఇనుము ప్రోటీను ఎలక్ట్రాన్లను తెచ్చి మాలిబ్డినం-ఇనుము ప్రోటీనుకు అందిస్తుంది. అమ్మోనియా తగిలిన కొద్ది నిమిషాల్లోనే డ్రాట్ అనే మరో ఎంజైము, ఎన్‌ఏడీ అనే కణంలోని అణువు నుంచి ఏడీపీ-రైబోస్ ముక్కను తీసి, ఇనుము ప్రోటీనులోని రెండు ఒకేరకం భాగాల్లో ఒకదాని 101వ స్థానంలో ఉన్న ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లానికి అతికిస్తుంది. ఆ ఒక్క ముక్క అడ్డుపడితే చాలు, ఎలక్ట్రాన్ల సరఫరా ఆగిపోతుంది. అమ్మోనియా అయిపోగానే డ్రాగ్ అనే ఎంజైము ఆ ముక్కను ఊడదీస్తుంది. ఎంజైమును నాశనం చేయకుండా గడియ వేసి తీసినట్టు నడిచే ఈ ఏర్పాటు నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. వెలుతురు పోయినా ఇదే గడియ పడుతుంది, ఎందుకంటే ఈ బాక్టీరియాకు ఏటీపీ ప్రధానంగా వెలుతురు వల్లే అందుతుంది. అమ్మోనియా ఎక్కువకాలం నిలిచి ఉంటే నైట్రోజినేజ్ జన్యువులే మూగబోయి, కొత్త ఎంజైము తయారీ కూడా ఆగిపోతుంది. నీటి బురదలో ఉండే రోడోసూడోమోనాస్ పాలుస్ట్రిస్‌లోనూ ఈ తరహా అతికింపును గమనించారు.

యూరియా మట్టిలోని యూరియేజ్ ఎంజైము వల్ల కొద్ది రోజుల్లోనే అమ్మోనియాగా మారుతుంది. కాబట్టి నత్రజని స్థాపన కోసమే ద్రావణం పోస్తుంటే, దాన్ని యూరియాతో కలపడం అనుకున్న పనికి అడ్డు కట్టడమే. ఆక్సిజన్ తక్కువగా ఉండి వెలుతురు పడే పలచని పైపొరలోనే ఈ బాక్టీరియా నత్రజనిని పట్టగలదు. పైరు కమ్ముకున్నాక నీటి మీద పడే వెలుతురు కూడా తగ్గుతుంది. అందువల్ల ద్రావణం పోశాను కదా అని యూరియా మోతాదు తగ్గించవద్దు. మోతాదును భూసార పరీక్ష ఫలితాన్ని బట్టే నిర్ణయించుకోండి.