కొన్ని జాతులు పోతే అడవికేంటి నష్టం?

వర్షారణ్యంలో ఇన్ని రకాల జీవులు ఎందుకు, కొన్ని పోయినా పచ్చగా చెట్లుంటే చాలదా అని అడిగారు. చాలదండీ. మాది అనంతపురం, పదకొండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. ఈ సంగతి నాకు అర్థమైంది కర్ణాటకలోని కొడగులో, మా ఆఫీసు మిత్రుడి కాఫీ తోటలో.

తోటను ఆనుకునే అడవి. వాగు ఒడ్డున పెద్ద అత్తి మర, అంటే మన మేడి చెట్టు. మిత్రుడి నాన్నగారు దోరకాయ ఒకటి తెంపి విప్పి చూపించారు. లోపల నలక లాంటి కందిరీగలు. మేడిపండు పొట్టలో పురుగులని మనం ఈసడింపుగా అంటాం గానీ, ఆ పురుగు లేనిదే ఆ చెట్టుకు విత్తనమే లేదు. కాయ కొనన ఉన్న సన్నటి రంధ్రంలోంచి ఆడ కందిరీగ దూరి, పుప్పొడి అంటించి, అక్కడే గుడ్లు పెడుతుంది. అది బతికేది ఒకటి రెండు రోజులే, ఆలోపు దానికి దూరడానికి కాయ దొరకాలి. అందుకే మేడి చెట్లన్నీ ఒక్కసారే కాయవు, ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి కాస్తూనే ఉంటుంది. మిగతా చెట్లకు పండ్లు లేని రోజుల్లో కోతులకు, గబ్బిలాలకు, పక్షులకు అదే ఆధారం.

ఆయన చెబుతుండగానే పైన ఎవరో పెద్ద చేటతో చెరుగుతున్నట్టు చప్పుడు. హార్న్‌బిల్ అనే పెద్ద ముక్కు పక్షి రెక్కలట! అడవి జాజికాయ లాంటి పెద్ద గింజల్ని మింగి దూరంగా వదిలేది ఇలాంటి పెద్ద పక్షులే. దూరంగా పడాలి కూడా. తల్లి చెట్టు కింద ఆ జాతికే పట్టే బూజులు, పురుగులు కాచుకుని ఉంటాయి. చెట్లు కలగలిసి ఉంటే తెగులు అంత తేలిగ్గా పాకలేదు. బ్రెజిల్ అడవుల్లో విడివిడిగా పెరిగే రబ్బరు చెట్లనే 1928 తర్వాత ఫోర్డ్ కార్ల కంపెనీ అక్కడే ఫోర్డ్‌లాండియా అనే తన తోటలో దగ్గరదగ్గరగా పెంచితే, ఆకు తెగులు ఆ తోటల్ని నాశనం చేసింది.

మనుషుల సంగతీ అంతే, మన బతుకూ ఈ జీవుల మీదే ఆధారపడి ఉంది. రోబస్టా అనే రకం కాఫీకి సొంత పుప్పొడితో కాయ పట్టదు, వేరే మొక్క పుప్పొడి కావాలి. దాన్ని గాలితో పాటు తేనెటీగలూ మోసుకొస్తాయి. కాఫీ పూత ఉండేది కొద్ది రోజులే, మిగతా ఏడాదంతా ఆ ఈగలను సాకేది అడవి పూలు. కాఫీ ధర పడిపోయిన ఏడాది ఆ ఇంట్లో పిల్లల ఫీజులు కట్టింది మిరియాలు, తేనె అమ్మిన డబ్బుతోనే. తోటలో ఒక పక్క మాత్రం పాత నీడ చెట్లు కొట్టేసి, త్వరగా పెరుగుతుందని సిల్వర్ ఓక్ వేశారు. అటు వైపు నడుస్తుంటే పిట్ట కూత కూడా పలచబడిపోయింది. ఆ తప్పు తలుచుకుని ఆయన ఇప్పటికీ బాధపడతారు.

మా అపార్ట్‌మెంట్ కుళాయిలో వచ్చే కావేరి పుట్టేది ఆ కొండల్లోనే. అందుకే ఇది నాకు దూరపు విషయంలా అనిపించదు.

పోయిన జూన్‌లో మళ్లీ వెళ్లాను. సిల్వర్ ఓక్ వరసల మధ్య అత్తి, పనస, ధూపం (సాంబ్రాణి లాంటి బంక ఇచ్చే అడవి చెట్టు) మొక్కలు నాటుతున్నారు. ధూపం గింజల్ని హార్న్‌బిల్ గూడున్న చెట్టు కింద ఏరుకొచ్చారట.