నాన్నగారికి 72 ఏళ్లు, డిప్రెషన్ అని ఆసుపత్రిలో చేర్చమంటున్నారు. చేర్చాలా?

మీ నాన్నగారు మూడు నెలలుగా సరిగా తినడం లేదని, ఏది అడిగినా గుర్తు లేదంటున్నారని, డాక్టరు మానసిక వైద్య విభాగంలో చేర్చమంటే ఇంట్లో వాళ్లు ‘ముసలితనంలో ఇవన్నీ మామూలే’ అంటున్నారని రాశారు. తిరుపతిలో మా ఇంట్లోనూ అచ్చంగా ఇదే మాట అనుకుని అయిదు నెలలు పోగొట్టుకున్నాం. చేర్చండి.

మా అమ్మకు అప్పుడు 69. రోజూ తెల్లవారుజామున గోవిందరాజస్వామి గుడికి నడిచి వెళ్లే మనిషి గడప దాటడం మానేసింది. దిగులుగా ఉందని ఒక్కసారీ అనలేదు. కడుపులో మంట, కాళ్ల పీకులు, నిద్ర పట్టకపోవడం, ఎప్పుడూ ఇవే. కడుపు డాక్టరు దగ్గరికి తిప్పి ఎండోస్కోపీ కూడా చేయించాం. పెద్దవాళ్లలో డిప్రెషన్ తరచూ ఇలా ఒంటి బాధల రూపంలోనే బయటపడుతుందని మాకేం తెలుసు!

మతిమరుపు చూసి డిమెన్షియా, అంటే మెదడు క్షీణించి మతి పోయే జబ్బు, అనుకుని భయపడ్డాం. వార్డులో డాక్టరు ఈ రోజు ఏ వారం, 100 లోంచి 7 తీసేస్తే ఎంత అని అడిగితే అమ్మ ‘నాకు తెలియదు, వదిలేయండి’ అంది. ఆ జవాబే ఆయనకు పనికొచ్చింది. డిమెన్షియా ఉన్నవాళ్లు చాలాసార్లు ఏదో ఒకటి చెప్పి కప్పిపుచ్చుకుంటారు, డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు ప్రయత్నించకుండానే తెలియదంటారు అన్నారు. అంతమాత్రాన తేల్చేయలేదు లెండి. థైరాయిడ్, బీ12 పరీక్షలు, తలకు స్కానింగ్ అన్నీ చేశారు.

చేర్చడం ఎంత మంచిదయిందో తొమ్మిదో రోజున అర్థమైంది. కొత్త మాత్రలు మొదలుపెట్టిన వారానికి అమ్మ మగతగా ఉండి మాట తడబడుతుంటే నర్సు గమనించి రక్తం తీయించారు. రక్తంలో 135 పైన ఉండాల్సిన సోడియం, అంటే ఉప్పు, 124కు పడిపోయింది. డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మాత్రలతో పెద్ద వయసులో ఇలా జరుగుతుందట. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్ర తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. అమ్మ వాడుతున్నది అదే. ఇంట్లో ఉంటే ‘పాపం, ఇన్నాళ్లకు నిద్రపట్టింది’ అని దుప్పటి కప్పేవాళ్లం. అందుకే వెళ్లేటప్పుడు నాన్నగారు వాడే మందులన్నీ, మోకాళ్ల నొప్పి మాత్రలతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి.

‘తలకు కరెంటు పెడతారు’ అని మా మేనత్త హడలగొట్టింది. అమ్మకు ఆ అవసరం రాలేదు. వచ్చినా, మత్తుమందు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా ఆ చికిత్స చేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. తిండీ నీళ్లూ మానేసినవాళ్లకు మందులకన్నా త్వరగా గుణం చూపించే చికిత్స కూడా అదే.

నాన్నగారు ‘నేనెందుకు బతకాలి’ లాంటి మాట అంటే మాత్రం ఇంట్లో చర్చలు ఆపి ఆ రోజే తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌కు, 14416 నంబరుకు, ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

అమ్మ 22 రోజులు ఉంది. మాత్రలు ఇంకా వాడుతోంది, బాగున్నాను కదా అని ఒకసారి మానబోతే డాక్టరు గట్టిగా చెప్పారు. గుడికి మళ్లీ వెళ్తోంది, మోకాళ్ల వల్ల ఆటోలో.